కూన కావలికుక్క అయ్యేదాకా



విత్తనాల సంగతి, ఎరువుల సంగతి చెప్పవలసిన వ్యవసాయ విస్తరణాధికారి ఈ పూట కుక్కపిల్ల ముచ్చట ఎత్తుకొన్నాడేమిటని మీకు నవ్వు రావచ్చు. కాని ఒక్కమాట ఆలోచించండి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో పల్లి చేను వేసిన రైతుకు రాత్రి అడవిపందుల భయం. కంది కల్లానికి చేరితే దొంగల భయం. దొడ్డిలో జీవాలుంటే తోడేలు భయం, నక్క భయం. పండించడం సగం పని అయితే కాచుకోవడం మిగతా సగం. ఆ కాచుకొనే పనికి మనవాళ్లు ముందుగా తలచేది కుక్కనే.

కాబట్టి ఎవరో ఒకరి దగ్గర పిల్ల పుట్టిందని తెలియగానే పోయి తెచ్చుకొంటారు. నెల తిరగకముందే ఇంట్లో గొడవ మొదలవుతుంది. “ఇదేం కుక్కరా! రాత్రంతా ఏడుస్తది. చెప్పులు కొరుకుతది. ఇంట్లో పాడు చేస్తది. కొత్త మనిషి వస్తే మొరగవలసింది పోయి తోక ఊపుతది” అంటారు. ఆపైన గోనెసంచిలో వేసుకొనిపోయి ఊరవతల వదిలిపెడతారు. పీడ పోయిందనుకొంటారు.

పీడ పోలేదు సుమా! ఆ పిల్ల చస్తే పాపం చుట్టుకొంటుంది. బతికితే గుంపులో కలుస్తుంది. మనిషి ఆదరణ లేక, టీకా లేక, ఆకలితో పెరిగి, మరు ఏడు అదే ఊరి గొర్రెపిల్లల మీదికీ, బడికి పోయే పిల్లల మీదికీ వస్తుంది. మనం వదిలిన పిల్లే మన దొడ్డికి తిరిగివచ్చిన తోడేలు అవుతుంది.

ఇందులో పిల్ల తప్పేమీ లేదు. తప్పు మన లెక్కలో వున్నది. తొలకరికి కంది విత్తి శ్రావణంలో కాయ కోయాలని ఎవడైనా కొడవలి పట్టుకొని పోతాడా? కందికి ఆరు నెలలు కావాలని మనకు తెలుసు. కొల్లాపురం మామిడి అంటు నాటి మరుసటేడు గంప పట్టుకొని పోము. నాలుగైదేండ్లు ఓపిక పడతాము. కోడెదూడను కూడా ఏడాదికే కాడికి కట్టము. మరి కుక్కపిల్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం తెచ్చిన పక్షానికే అది కావలి కాయాలంటాము. కుక్కపిల్లకూ ఒక లెక్క వున్నది. ఆ లెక్క సుమారు రెండేండ్లు. ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. మనిషీ కుక్కా కలిసి నడచిన చరిత్ర పొడుగునా ఈ పాఠమే కనిపిస్తుంది. ఆ చరిత్రనే నాలుగు ముక్కల్లో మనవి చేస్తాను.

జర్మనీ దేశంలో బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్ అనే చోట 1914లో రాళ్లు తీస్తుంటే ఒక పాత సమాధి బయటపడింది. అందులో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితోపాటు ఒక కుక్క. సుమారు 14 వేల ఏండ్ల కిందటి సమాధి అది. వ్యవసాయం అనేది ఇంకా ప్రపంచంలో పుట్టలేదు. ఆ కుక్క పండ్లను శాస్త్రజ్ఞులు మళ్లీ పరీక్షించి 2018లో ఒక విశేషం ప్రకటించారు. అది పెద్ద కుక్క కాదు, సుమారు ఏడు నెలల పిల్ల. దానికి అంతకు రెండు నెలల ముందే డిస్టెంపర్ అనే భారీ జబ్బు చేసింది. ఆ జబ్బు తగిలిన పిల్ల ఎవరూ నీళ్లు పట్టకుండా, శుభ్రం చేయకుండా అన్ని వారాలు బతికి వుండదు. అంటే వేటకు పనికిరాని, కావలికి పనికిరాని రోగిష్టి పిల్లకు ఆ ఆదిమానవులు సేవ చేశారని పండితుల ఊహ. ఇంకా ఒక పూట తిండికి గ్యారంటీ లేని మనుషులకు వున్న ఓపిక, బస్తాల ధాన్యం ఇంట్లో పెట్టుకొన్న మనకు లేకపోతే ఎట్లా?

మన ప్రాంతానికి వద్దాము. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో ఆల్చిన్ అనే పురాతత్త్వ పండితుడు ఒక బూడిద దిబ్బను తవ్వించాడు. నాలుగువేల ఏండ్లకు పైబడిన పశువుల దొడ్డి అది. దుంగలు పాతి కంచె కట్టిన ఆనవాళ్లు, పశువుల గిట్టల ముద్రలు అందులో కనిపించాయి. పేడ పేరుకొని కాలి, మళ్లీ పేరుకొని, మళ్లీ కాలి ఆ దిబ్బ అయింది. అంటే మన నేల మొదటినుంచీ మందల నేల. మంద వున్నచోట కంచె వుండాలి, కంచె వున్నచోట కావలి వుండాలి. గొల్ల కురుమలు కొలిచే మల్లన్న వెంట కుక్క వుండడం ఊరికే రాలేదు. మంద కాచేవాని దేవునికి కూడా మంద కాచే తోడు కావలసి వచ్చింది.

ఇక నల్లమల చెంచుల సంగతి. హైమన్‌డార్ఫ్ అనే పండితుడు 1940లో అమ్రాబాద్ పీఠభూమిలో చెంచు పెంటల్లో తిరిగి, 1943లో వారిని గురించి గ్రంథం ప్రకటించాడు. చెంచులకు గుడిసె ముందర కుక్క, అడవిలో వెంట కుక్క. ఇప్పుడు వేట చట్టవిరుద్ధం, అది వేరే మాట. కాని పెంటలో పుట్టిన పిల్ల ఎట్లా పెరుగుతుందో చూడండి. దానికి బడి లేదు, బెత్తం లేదు. పొద్దస్తమానం మనుషుల మధ్య, పిల్లల మధ్య పొర్లుతుంది. పెద్ద కుక్కల వెంట నాలుగడుగులు పోయి అలసి వెనక్కు వస్తుంది. మరునాడు ఎనిమిది అడుగులు పోతుంది. తొందర లేదు, తిట్లు లేవు. ఆ పిల్ల పని నేర్చిందని ఒక రోజు చూపించి చెప్పడం ఎవరి వల్లా కాదు. అట్లా పెరుగుతూ నేర్చుకొంటుంది.

పని నేర్చిన కుక్కకు మన దక్కను రాజులు ఎంత విలువ ఇచ్చేవారో చెప్పే శాసనం ఒకటున్నది. కన్నడ దేశంలో మండ్య జిల్లా ఆతకూరు శాసనం. క్రీస్తుశకం 949–50 నాటిది. రాష్ట్రకూట మూడవ కృష్ణుడు చోళులతో తక్కోలం దగ్గర యుద్ధం చేసినప్పుడు గంగరాజు బూతుగుడు ఆయన పక్షాన పోరాడాడు. మన తెలంగాణలో చాలా భాగం ఆ కాలంలో రాష్ట్రకూటుల ఏలుబడిలోదే. బూతుగుని దగ్గర మణలరతుడనే వీరుడుండేవాడు. అతని పరాక్రమానికి మెచ్చి ఏమి కావాలో కోరుకొమ్మంటే, అతడు పొలమూ కోరలేదు, బంగారమూ కోరలేదు. కాళి అనే వేటకుక్కను కోరాడు. ఆ కాళి ఒక పెద్ద అడవిపందితో తలపడింది. పందీ చచ్చింది, కాళీ చచ్చింది. కుక్క పేర గుడి ముందు రాయి నిలిపి, దాని పూజకు భూమి ఇచ్చారు. ఆ రాయి ఇప్పటికీ బెంగుళూరు మ్యూజియంలో వున్నది. ఒక వీరుడు వరంగా అడిగే కుక్క నెలరోజుల్లో తయారు కాదని ఆ రాయి చూసిన ఎవరికైనా తడుతుంది.

పిల్లను కొట్టడం గురించి కూడా మన సాహిత్యం మొదట్లోనే ఒక హెచ్చరిక వున్నది. నన్నయ భట్టారకుడు 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుని కొలువులో మహాభారతం తెనిగించడం మొదలుపెట్టాడు. ఆదిపర్వం తొలి భాగంలోనే సరమ కథ వస్తుంది. జనమేజయ మహారాజు యాగం చేస్తున్న చోటికి సరమ అనే దేవతల కుక్క కొడుకు ఆడుకొంటూ వచ్చాడు. హవిస్సును ముట్టలేదు, కన్నెత్తి చూడలేదు. ఐనా రాజు తమ్ములు వాణ్ణి కొట్టారు. తల్లి సరమ రాజు దగ్గరికి వచ్చి, తప్పు చేయని దుర్బలుణ్ణి ఆలోచన లేకుండా బాధించేవారికి తలవని తలంపుగా ఆపద వస్తుందని చెప్పిపోయింది. తెలుగు కావ్యాల్లో మొదటిది చేతబట్టి నాలుగు పుటలు తిప్పేసరికి దెబ్బలు తిన్న కుక్కపిల్ల, దాని తల్లి అడిగిన న్యాయం కనిపిస్తాయి. పెద్దలు దాన్ని అక్కడ ఎందుకు పెట్టారో ఆలోచించుకోవలసింది మనమే.

మంద కాచే కుక్కను తయారుచేసే విద్యకు వద్దాము. జీవపరిణామ శాస్త్రజ్ఞుడు డార్విన్ పేరు మీలో బడి చదివినవారు విని వుంటారు. ఆయన 1833లో దక్షిణ అమెరికాలో ఇప్పటి ఉరుగ్వే దేశంలో తిరుగుతూ ఒక వింత చూశాడు. మైళ్ల దూరంలో మనిషి లేడు, గొర్రెల మందను ఒకటి రెండు కుక్కలే కాస్తున్నాయి. ఎట్లా నేర్పారని అడిగితే అక్కడివారు చెప్పారు. పిల్లను చాలా చిన్నతనంలోనే తల్లి దగ్గరినుంచి తీసి, గొర్రెల దొడ్డిలో ఉన్నితో పడక చేసి పెడతారు. రోజుకు మూడు నాలుగు సార్లు ఒక గొర్రెను పట్టుకొని దాని పాలు ఈ పిల్లకు కుడిపిస్తారు. ఇతర కుక్కలతో, ఇంటి పిల్లలతో కలవనీయరు. అది గొర్రెలనే తన వాళ్లనుకొంటుంది. డార్విన్ ఇంకొక తమాషా కూడా వ్రాశాడు. ఆ కుక్క మాంసం ముక్క కోసం ఇంటికి వస్తే ఇంటి కుక్కలు దాన్ని తరిమేవట. అది సిగ్గుపడ్డట్టు పారిపోయేది. కాని మందను చేరగానే వెనుదిరిగి మొరిగేది. అప్పుడు తరిమిన కుక్కలన్నీ తోక ముడిచేవి. తన మంద దగ్గర నిలబడితే దానికి ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం కొట్టి నేర్పింది కాదు, కలిసి పెరగడం వల్ల వచ్చింది.

ఇదే సంగతిని అమెరికాలో కాపింజర్ దంపతులు 1970ల చివరినుంచి పరీక్షించి చూశారు. యూరపు నుంచి, టర్కీ నుంచి కావలి జాతుల పిల్లలను తెచ్చి గొర్రెల రైతులకిచ్చి ఏండ్ల తరబడి గమనించారు. మంచి కావలికుక్కకు మూడు గుణాలుండాలని వారు తేల్చారు. మందను విడిచిపోకుండా వుండాలి. మందకు తాను హాని చేయకుండా వుండాలి. బయటివాడు వస్తే అడ్డుపడాలి. ఈ మూడూ వరుసగా వస్తాయి, ఒక్కసారిగా రావు. చివరిదైన అడ్డుపడే గుణం వయసు వచ్చాకనే వస్తుంది. ఆఫ్రికాలోని నమీబియాలో 1994 నుంచి ఇట్లాగే చీతాల సంరక్షణ సంస్థవారు రైతులకు కావలి పిల్లలను ఇస్తున్నారు. మంద నిలిచింది, చీతాను కాల్చిచంపే అవసరమూ తగ్గింది. మనకూ ఇది పనికివచ్చే మాట. తోడేలును చంపడం, విషం పెట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. కావలి పెంచుకోవడం నేరం కాదు.

ఇక పిల్ల మనసు ఏ వయసులో కుదురుకొంటుందో తేల్చిన పరీక్ష ఒకటున్నది. అమెరికాలో బార్ హార్బర్ అనే ఊళ్లోని పరిశోధనాలయంలో ఎత్తైన కంచె కట్టిన మైదానంలో మనిషి కంటబడకుండా కుక్కపిల్లలను పెంచారు. కొన్నింటిని రెండో వారంలో, కొన్నింటిని మూడో వారంలో, మరికొన్నింటిని ఐదు, ఏడు, తొమ్మిది వారాల్లో బయటికి తెచ్చి ఒక్క వారంపాటు మనుషులతో ఆడనిచ్చారు. కొన్నింటిని 14 వారాల దాకా తేనే లేదు. 1961లో ఫలితం ప్రకటించారు. ఐదు నుంచి తొమ్మిది వారాల మధ్య మనిషిని చూసినవి మచ్చిక అయ్యాయి. 14 వారాలదాకా చూడనివి అడవి జంతువులైపోయాయి, తరువాత ఎంత బతిమాలినా దగ్గరికి రాలేదు. అక్కడే పనిచేసిన స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు 1965లో పెద్ద గ్రంథం వెలువరించి, మూడో వారం నుంచి 12వ వారం దాకా పిల్లకు లోకం పరిచయమయ్యే కాలమని చెప్పారు. మొక్కై వంగనిది మానై వంగునా అని మన ముసలమ్మలు అంటూ వచ్చిన దానికి లెక్కలు కట్టినట్టు అయింది.

ఈ చరిత్రంతా చెప్పింది మీ ఇంట్లో పిల్లకు పనికి రావాలని. కనుక వయసు వరుసన ఏమి ఆశించాలో, ఏమి ఆశించకూడదో చెప్తాను.

పుట్టిన పది పద్నాలుగు రోజులకు కండ్లు తెరుస్తుంది, మూడో వారంలో చెవులు వింటాయి. రెండు నెలలు నిండేదాకా తల్లి దగ్గరనే వుండనివ్వండి. తోబుట్టువులతో ఆడేటప్పుడు గట్టిగా కరిస్తే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుంది. నోటికి హద్దు పెట్టుకోవడం పిల్ల నేర్చేది అక్కడనే. నెల రోజులకే తెచ్చిన పిల్లకు ఆ పాఠం అందదు, అది మన పిల్లల చేతులు కొరుకుతుంది. ఐతే డార్విన్ చూసిన పద్ధతి సంగతేమిటని మీరడగవచ్చు. అక్కడ పిల్లకు తల్లిపాలకు బదులు గొర్రెపాలు దొరికాయి. మన ఇంట్లో అంత సేవ చేసేవారెవరు? కావాలంటే తల్లికుక్కనే మంద దగ్గర ఈననివ్వండి. పిల్లకు తల్లీ దక్కుతుంది, మంద వాసనా దక్కుతుంది.

రెండో నెల నుంచి మూడో నెల నిండేదాకా మీరు అది కావలి కాయాలని ఆశించవద్దు. రాత్రి ఏడుస్తుంది. తల్లి పక్కన పడుకొన్న ప్రాణం ఒంటరిదైతే ఏడవకేమి చేస్తుంది? మీరు పడుకొన్న మంచం దగ్గర గోనెపట్ట వేసి పడుకోబెట్టండి. నాలుగైదు రోజుల్లో చాలావరకు సర్దుకొంటుంది. ఇంట్లో పాడు చేస్తుంది. ఆ వయసులో మూత్రం రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. అది మొండితనం కాదు, శరీరం ఇంకా పక్వం కాలేదంతే. నిద్ర లేవగానే, తిన్నవెంటనే, ఆడిన తరువాత బయటికి తీసుకపోండి. అక్కడ పని కానివ్వగానే మెచ్చుకొని రొట్టెముక్క పెట్టండి. రోజుకు నాలుగుసార్లు కొద్దికొద్దిగా తిండి పెట్టండి. ఈ రోజుల్లోనే దానికి ముసలివారిని, పసివారిని, తలపాగా కట్టినవారిని, ట్రాక్టరును, ఎడ్లను, గొర్రెలను భయం లేకుండా చూపించండి. ఎవరినీ చూపించకుండా కట్టేస్తే రోషంగా పెరుగుతుందనుకోవడం పొరపాటు. అట్లా పెరిగేది పిరికి కుక్క. పిరికి కుక్కే ముందు కరుస్తుంది.

నాలుగో నెల నుంచి ఏడో నెల దాకా పండ్లు మారే కాలం. పాలపండ్లు 28 రాలి, 42 పండ్లు వస్తాయి. చిగుళ్లు దురద పెట్టి చెప్పు, చీపురు, గొంగడి అంచు, దేన్నైనా కొరుకుతుంది. పాత తాడు ముడివేసి ఇవ్వండి, చెప్పులు ఎత్తి పెట్టండి. ఆరునెలల పిల్ల చెప్పు కొరికితే ఆ నేరం చెప్పు కింద వదిలినవానిది.

ఆరో నెల నుంచి ఏడాదిన్నర దాకా అసలైన పరీక్ష. చూడబోతే పెద్ద కుక్కలాగ వుంటుంది, బుద్ధి చూస్తే పసిది. నిన్నటిదాకా పిలిస్తే వచ్చింది, ఈ రోజు విననట్టే పోతుంది. గొర్రెపిల్లలను ఆటకు తరుముతుంది, ఉన్ని పట్టి లాగుతుంది. దీన్ని చూసి “ఇది గొర్రెలు తినే కుక్క అయింది” అని తరిమేసేవారు చాలామంది. తొందరపడకండి. తరమబోయినప్పుడే గట్టిగా వద్దని ఆపండి, కొన్ని రోజులు తాడు వేయండి. లేతపిల్లల దగ్గర ఒంటరిగా వదలకండి, నిదానమైన పెద్ద గొర్రెల మధ్య వుంచండి. సరిగా నడిపించినవాటిలో ఎక్కువభాగం ఈ ఆట మానేస్తాయి. పిల్లలను వదిలించుకొనేది ఎక్కువగా ఈ దశలోనే. విత్తి, కలుపు తీసి, నీళ్లు పెట్టి, పూత దశలో చేను దున్నేసినట్టు!

ఏడాదిన్నర, రెండేండ్లకు అది కావలికుక్క. అప్పుడు కొత్త మనిషికి మొరుగుతుంది, ఇంటి మనిషిని గుర్తుపడుతుంది. ఐనా అన్ని కుక్కలూ కాళి కావు. అడవిపందుల గుంపును ఒక్క కుక్క ఆపలేదు. కుక్క చేయగలిగింది సడి తెలపడం, తరువాతి పని మనది.

నేర్పడం ఎట్లా అంటారా? రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ జీర్ణకోశం మీద చేసిన కృషికి 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన కుక్కలు మేత తెచ్చేవాని అడుగుల చప్పుడు వినగానే చొంగ కార్చేవి. అంటే కుక్క రెండు సంగతులను జతపెట్టుకొంటుంది, అవి వెంటవెంట జరిగితేనే. పేరు పిలిచి, రాగానే ముక్క పెడితే, పేరుకూ మేలుకూ జత కుదురుతుంది. పొద్దున చెప్పు కొరికినదాన్ని సాయంత్రం పిలిచి కొడితే, పేరుకూ దెబ్బకూ జత కుదురుతుంది. మరునాడు పిలిస్తే రాదు. రాలేదని మళ్లీ కొడతారు! పూటకు ఐదు నిమిషాలు చాలు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నట్టు ముందు వాకిట్లో పిలిస్తే రావడం నేర్పి, తరువాత చేనుగట్టు మీద, ఆపైన మంద మధ్య నేర్పండి. కారం పెడితే రోషం వస్తుందనే మాట నమ్మకండి. దానివల్ల వచ్చేది కడుపుమంట మాత్రమే.

జాతి సంగతి కూడా ఒక్కమాట. పట్నంలో చూసి బొచ్చుకుక్కను తెస్తారు. జర్మన్ షెపర్డ్‌ను 1899లో ఆ దేశపు గొర్రెల కుక్కలనుంచే జాతిగా తీర్చారు, ఆ చలిదేశానికి ఆ బొచ్చు తగినది. మన పాలమూరు వేసవికి కాదు. ప్రతి నేల తన పనికి తగిన కుక్కను తానే తయారుచేసుకొన్నది. కృష్ణ ఎగువన ముధోళ్ వేటకుక్కకు 2005లో తపాలా బిళ్ల వేశారు. కొల్లేటి ప్రాంతంలో జోనంగి కుక్క బాతులను మళ్లించేది. తుంగభద్ర దాటితే కర్నూలు జిల్లా పందికోన కుక్కలకు పేరున్నది. మన ఊరి నాటుకుక్క కూడా ఈ ఎండకు, ఈ అంబలికి తట్టుకొన్నదే. దాని పిల్లను సరిగా పెంచితే చాలు.

ఆరోగ్యం సంగతి మరచితే ఈ చెప్పిందంతా వృథా. ఐస్‌లాండ్ అనే దీవిలో 19వ శతాబ్దంలో ఎంతోమందికి కాలేయంలో నీటితిత్తులు లేచి చచ్చేవారు. గొర్రెను కోసి తిత్తులున్న పేగులు, కార్జం కుక్కలకు వేసేవారు. కుక్క కడుపులో అది బద్దెపురుగయ్యేది. దాని గుడ్లు మళ్లీ గడ్డి మీద పడి గొర్రెకు, చేతుల ద్వారా మనిషికి చేరేవి. తిత్తి కుక్కలో బద్దెపురుగు అవుతుందని జర్మనీలో జీబోల్డ్ 1853లో నిరూపించాడు. డెన్మార్కు పండితుడు క్రబ్బె 1863లో ఐస్‌లాండ్ పోయి పరిశీలించి చిన్న పుస్తకం వ్రాస్తే దాన్ని ఇంటింటికీ పంచారు. చదివినవారు తిత్తులను కాల్చడం, పూడ్చడం మొదలుపెట్టారు. తరాలు తిరిగేసరికి జబ్బు ఆ దీవిని విడిచిపోయింది. మన మందల్లో తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరిగే గొర్రెను మీరు చూసే వుంటారు. ఆ జబ్బుకు కూడా కుక్కలోని బద్దెపురుగే కారణం. కోసిన గొర్రె తలకాయను, తిత్తులున్న కార్జాన్ని పచ్చిగా కుక్కకు వేయకండి. పిల్లకు ఏలికపాములు తల్లి కడుపులోనుంచే వస్తాయి కాబట్టి రెండో వారం నుంచే పశువుల దవాఖానలో అడిగి మందు పట్టించండి. డిస్టెంపర్‌కు, 1978లో లోకానికి తెలిసిన పార్వో రక్తవిరేచనాలకు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య టీకా మొదలుపెట్టించండి.

అన్నింటికన్నా ముఖ్యం పిచ్చికుక్క కాటు. 1885 జులై 6న పారిస్‌లో పాశ్చర్ పండితుడు పిచ్చికుక్క కరచిన తొమ్మిదేండ్ల బాలునికి తన టీకా వేయించి బతికించాడు. మన దేశంలో 1900లో కసౌలీలో, 1907లో కూనూరులో ఆయన పేర సంస్థలు వెలిశాయి. ఆ తరువాత గొర్రె మెదడు నుంచి తీసిన మందును పొట్ట చుట్టూ పొడిచేవారు. ఆ నొప్పికి జడిసి మంత్రాలను, పసరులను నమ్మి చచ్చినవారున్నారు. ఆ పాతమందు 2005 నాటికి మన దేశంలో ఆగిపోయింది. ఇప్పుడు చేతికి వేసే మంచి టీకా సర్కారు దవాఖానలో ఉచితంగా దొరుకుతుంది. కరచినా, గీరినా, అది చిన్నపిల్లే గదా అని తేలికగా తీసుకోకండి. పిల్లకు కూడా పిచ్చి వుండవచ్చు. వెంటనే గాయాన్ని సబ్బు పెట్టి పారే నీటితో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు పూయకండి. అదే పూట దవాఖానకు పోయి, డాక్టరు చెప్పిన రోజులన్నీ తప్పకుండా టీకా వేయించుకోండి. జబ్బు బయటపడ్డాక బతకడం దాదాపు వుండదు. మీ పిల్లకు మూడో నెలలో పిచ్చికుక్క టీకా వేయించండి. తరువాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటేటా వేయించండి.

సోదరులారా, ఇక మీ ఊళ్లో పిల్లలు పుట్టాయని విన్నప్పుడు ముందు మీ ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి అడగండి. నాలుగు పూటల తిండి ఎవరు పెడతారు? రాత్రి ఎవరు లేస్తారు? రెండేండ్లు ఓపిక పట్టగలమా? పట్టగలమంటే తెచ్చుకోండి. లేదంటే తల్లి దగ్గరనే వుండనివ్వండి. తెచ్చి వదలడం కన్నా తేకపోవడమే ధర్మం. తెచ్చుకొన్నవారు మాత్రం పునాసకు విత్తిన నాడు పిల్ల పుట్టిన నెల కూడా గోడమీద గీత గీసుకోండి. రెండు పునాసలు దాటేదాకా దాన్ని తిట్టకండి. ఆ తరువాత పదేండ్లు అది మీ దొడ్డి కాస్తుంది.